రబ్బరు ముక్కకి షుగర్ 109

ముందు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

పోయినేడాది మా బ్యాచ్ చేసిన మినీ ప్రాజెక్టు పేరు "సూది గుచ్చకుండా షుగర్ కొలిచే స్మార్ట్ పరికరం". ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా ఒక ఫొటోడయోడ్, మధ్యలో వేలు పెట్టడానికి క్లిప్పు, వెనకాల ఒక ఆప్‌ఆంప్, ఆర్డునో బోర్డు, బ్లూటూత్, ఫోన్‌లో ఒక యాప్. రివ్యూలో మంచి మార్కులే వచ్చాయి. పీపీటీ చివరి స్లైడ్‌లో "98 శాతం కచ్చితత్వం" అని పెద్ద అక్షరాలతో వేశాం. ఆ 98 ఎక్కడి నుంచి వచ్చిందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా దగ్గర జవాబు లేదు. 95 అంటే తక్కువగా ఉంటుందనీ, 100 అంటే ఎవరూ నమ్మరనీ 98 వేశాం. అంతే.

సంక్రాంతి సెలవులకి ఆ కిట్టు ఇంటికి పట్టుకెళ్ళాను. అమ్మమ్మకి పదిహేనేళ్ళుగా షుగర్. వేలు పెట్టమంటే ముచ్చటగా పెట్టింది. ఫోన్‌లో 118 అని వచ్చింది. "సూది లేకుండానే చెప్పేసిందా? మా చిట్టి చేసిందే ఇది!" అని పక్కింటి వాళ్ళని కూడా పిలిచి చూపించింది. ఆ సంబరంలోనే, షుగర్ ఎలాగూ తగ్గింది కదా అని రెండు అరిసెలు తినేసి, రాత్రి వేసుకోవలసిన మాత్ర వద్దులే అని పక్కన పెట్టబోయింది.

మావయ్యకి ఎందుకో అనుమానం వచ్చింది. "ఒక స్ట్రిప్పు పోతే పోయింది, చూద్దాం ఉండు" అని గ్లూకోమీటర్ తీశాడు. 286. వెంటనే మళ్ళీ మా క్లిప్పులో వేలు పెట్టించాను. 121.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మమ్మ మాత్రం "పోనీలే చిట్టీ, చిన్నపిల్లలు చేసింది కదా" అని మాత్ర వేసుకుంది. ఆ రాత్రి నేను క్లిప్పులో నా పెన్సిల్ బాక్సులోని రబ్బరు ముక్క పెట్టి చూశాను. 109 వచ్చింది. రబ్బరు ముక్కకి షుగర్ బ్రహ్మాండంగా కంట్రోల్‌లో ఉంది.

తర్వాత కోడ్ తీసి చూస్తే సంగతి తెలిసింది. నెట్‌లో దొరికిన ఫార్ములా ఒకటి మేం యథాతథంగా దించేశాం. అందులో ఉన్న స్థిరాంకమే తొంభై దాటి ఉంది. సెన్సర్ నుంచి ఏ వోల్టేజి వచ్చినా దానికి కొంచెం కలిపి చూపిస్తుంది. అంటే మా పరికరానికి తెలిసింది ఒకటే పని: ఎవరు వేలు పెట్టినా "మీరు బాగానే ఉన్నారు" అని చెప్పడం. లోకంలో ఇంతకంటే ప్రమాదకరమైన డాక్టర్ ఉండడు.

ఇది మా బ్యాచ్ ఒక్కదాని కథే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. సిగ్గుపడి ఊరుకునేదాన్ని. కానీ మన డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పాత ప్రాజెక్టు రిపోర్టులు ఒకసారి తిరగేయండి. "ఐఓటీ ఆధారిత ఆరోగ్య పర్యవేక్షణ" అన్న పేరు ఏటా కనిపిస్తుంది. బ్లాక్ డయాగ్రమ్ ఉంటుంది, సర్క్యూట్ ఉంటుంది, యాప్ స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఒక్క పట్టిక మాత్రం ఉండదు: మా పరికరం ఇంత చూపించింది, ల్యాబ్‌లో ఇంత వచ్చింది, తేడా ఇంత. నా అభిప్రాయం ఏమిటంటే, ఆ పట్టిక లేని హెల్త్ ప్రాజెక్టుని ప్రాజెక్టు అనకూడదు. అది బొమ్మ. బొమ్మ చెయ్యడం తప్పు కాదు, దాన్ని ఎవరి వేలికో తగిలించడం తప్పు.

సరే, అసలు పని ఎలా ఉంటుందో చూద్దామని కూర్చున్నాను. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ కూర్చోవడంలో తెలిసినదే.

మొదటి ప్రశ్న, మా క్లిప్పు ఎందుకు పని చెయ్యలేదు? మామూలు మనిషి రక్తంలో ఒక లీటరుకి గ్లూకోజ్ సుమారు ఒక గ్రాము. వేలిలో దానితో పాటు నీరు, కొవ్వు, చర్మం, ఎముక, హిమోగ్లోబిన్ అన్నీ ఆ కాంతిని పీల్చుకుంటాయి. క్లిప్పు కాస్త గట్టిగా నొక్కితే రీడింగ్ మారుతుంది. చెయ్యి చల్లగా ఉంటే మారుతుంది. తీర్థంలో నాలుగు వైపులా మైకులు మోగుతుంటే ఒక మూల ఎవరో గొణుగుతున్న మాట వినడం ఎలాంటిదో, ఒక్క ఎల్‌ఈడీతో గ్లూకోజ్ కొలవడం అలాంటిది. పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్న విషయం ఇది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది: చర్మం గుచ్చకుండా తమంతట తామే షుగర్ కొలుస్తామనే స్మార్ట్ వాచీలు, ఉంగరాలు నమ్మవద్దు, అలాంటిదానికి దేనికీ మేం అనుమతి ఇవ్వలేదు అని. మేమేమో వారం రోజుల్లో చేసేశాం.

రెండో ప్రశ్న, మావయ్య వాడిన స్ట్రిప్పు ఎందుకు పని చేసింది? చెత్తబుట్టలో పడేసే ఆ ముక్కకి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ తయారు చేశాడు. 1962లో దానికి ఒక ఎంజైమ్ పొర జోడించే ఆలోచన ప్రకటించాడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఆ ఎంజైమ్ వందల రకాల పదార్థాలున్న రక్తంలో గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది, ఆ క్రమంలో ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిస్తే గ్లూకోజ్ ఎంత ఉందో తెలుస్తుంది. బయోసెన్సర్ అన్న రంగానికి మొదలు ఇదేనంటారు. గుంపులో మనకి కావలసిన మనిషిని గుర్తుపట్టేది జీవపదార్థం, ఆ గుర్తింపుని కరెంటుగా మార్చేది ఎలక్ట్రోడ్, ఆ కరెంటుని అంకెగా మార్చేది మన ఈసీఈ వాళ్ళ సర్క్యూట్. మా క్లిప్పులో రెండోదీ మూడోదీ ఏదో రకంగా ఉన్నాయి. మొదటిది, అంటే గుర్తుపట్టేది, అసలు లేనే లేదు.

ఆ తర్వాత కూడా పని అంత తేలిగ్గా సాగలేదు. రక్తంలో ఆక్సిజన్ మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి దాని మీద ఆధారపడితే లెక్క తప్పుతుంది. 1984లో ఇంగ్లండ్ పరిశోధకులు ఫెర్రోసీన్ అనే పదార్థాన్ని మధ్యవర్తిగా పెట్టి, ఎంజైమ్ నుంచి ఎలక్ట్రాన్లని నేరుగా ఎలక్ట్రోడ్‌కి చేరవేశారు. 1987లో పెన్నంత మీటర్ బజారులోకి వచ్చింది. అంటే మొదటి ఆలోచన నుంచి ఇంట్లో వాడే పరికరం దాకా పాతికేళ్ళు.

ఇంకో విషయం. అదే 1987లో, ఈ లీలాండ్ క్లార్క్‌తో ఏ సంబంధమూ లేని మరో క్లార్క్, వర్జీనియా విశ్వవిద్యాలయం డాక్టరు, తన బృందంతో కలిసి ఒక గ్రాఫ్ ప్రతిపాదించాడు. దాన్ని ఎర్రర్ గ్రిడ్ అంటారు. అడ్డం మీద అసలు విలువ, నిలువు మీద మన మీటర్ చూపించిన విలువ. తేడా ఎంత శాతం అన్నది ఒక్కటే కాదు, ఆ తేడా వల్ల రోగికి ఏం జరుగుతుంది అన్నదాన్ని బట్టి గ్రాఫ్‌ని ఏ నుంచి ఈ వరకు అయిదు భాగాలు చేశాడు. ఏ అంటే సరిగ్గా ఉంది. బీ అంటే తప్పే కానీ ప్రమాదం లేదు. డీ అంటే ప్రమాదం ఉన్నా పసిగట్టలేదు. మా అమ్మమ్మ రీడింగుని అందులో పెట్టి చూశాను. అసలు 286, మాది 118. నేరుగా డీలో పడింది. మా 98 శాతం స్లైడ్‌కి ఎవరైనా మార్కులు వెయ్యాలంటే, ఆ గ్రాఫ్ మీద ఆ ఒక్క చుక్క చాలు.

మూడో ప్రశ్న నన్ను బెంగళూరు దాకా తీసుకెళ్ళింది, అంటే చదువులో. మనలాంటి ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఈ రంగంలో చోటు ఉందా? బయాలజీ ఇంటర్‌లోనే వదిలేసి ఎంపీసీ తీసుకున్న వాళ్ళం కదా.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నవకాంత్ భట్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. మైసూరులో ఇంజనీరింగ్, ఐఐటీ బాంబేలో ఎంటెక్, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, ఆ తర్వాత మోటరోలాలో కొంతకాలం. 1999లో ఐఐఎస్సీకి వచ్చారు. ట్రాన్సిస్టర్లు, నానో పరికరాలు ఆయన రంగం. అలాంటాయన గ్యాస్ సెన్సర్ల వైపు, ఆ తర్వాత రక్తం వైపు తిరిగారు. 2018లో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఇన్ఫోసిస్ ప్రైజ్ ఆయనకి వచ్చింది. బయోసెన్సర్ల రూపకల్పన, గ్యాస్ సెన్సర్ల పని రెండింటికీ కలిపి. తమ ల్యాబ్ పనిని జనంలోకి తేవడానికి 2015లో ఐఐఎస్సీ అండతోనే పాత్‌శోధ్ అనే కంపెనీ పెట్టారు. చేతిలో పట్టే ఒకే పరికరంలో స్ట్రిప్పు మార్చి మార్చి గ్లూకోజ్, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ, గ్లైకేటెడ్ అల్బుమిన్, మూత్రంలో అల్బుమిన్ లాంటివి కొలవడం వాళ్ళు ఎంచుకున్న దారి.

దీనిలో నాకు నచ్చింది ప్రైజ్ కాదు, ఆ జాబితా. ఇవే ఎందుకు కొలవాలి అని ఆలోచిస్తే ఒక ఇంజనీరు రోగి గురించి ఎలా ఆలోచించాలో అర్థమవుతుంది. వేలి చుక్కతో చూసే గ్లూకోజ్ ఆ నిమిషానిది. అరిసె తినక ముందు ఒకటి, తిన్నాక ఒకటి. హెచ్‌బీఏ1సీ అంటే హిమోగ్లోబిన్‌లో ఎంత భాగానికి చక్కెర అంటుకుందో చెప్పే నిష్పత్తి. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పండక్కి ముందు రెండు రోజులు పథ్యం చేసి డాక్టరుని మభ్యపెట్టడం దాని దగ్గర కుదరదు.

అయితే అక్కడే మన దేశానికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. రక్తకణాలు తక్కువున్న మనిషి చుక్కలో ద్రవం పాలు ఎక్కువ కాబట్టి, ఆ తేడా సవరించుకోలేని గ్లూకోమీటర్ ఉన్న షుగర్ కంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. కాబట్టి షుగర్‌తో పాటే హిమోగ్లోబిన్ కూడా చూడాలి. గ్లైకేటెడ్ అల్బుమిన్ అయితే రక్తకణాల గొడవ లేకుండా గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. మూత్రంలో అల్బుమిన్ కనిపిస్తే షుగర్ కిడ్నీల దాకా వెళ్ళిందేమో అని ముందే అనుమానించవచ్చు. అంటే ఆ జాబితాలో ఉన్న పరీక్షలు ఒకదాని తప్పుని ఇంకొకటి పట్టుకుంటాయి. ఇది సర్క్యూట్ బుర్ర కాదంటారా? ఒక సెన్సర్ మీద గుడ్డిగా ఆధారపడకుండా రెండో సెన్సర్‌తో సరిచూసుకోవడం మనకి సెకండియర్‌లోనే చెబుతారు. మేం పరీక్షలో రాసి మర్చిపోయాం.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. వాళ్ళలో ఎంతమంది ఊళ్ళో హెచ్‌బీఏ1సీ చేసే ల్యాబ్ ఉంటుంది? మా అమ్మమ్మ ఊళ్ళో లేదు. ఆ పరీక్షకి టౌనుకి వెళ్ళాలి, ఒక పూట పోతుంది, మావయ్యకి ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఆర్నెల్లకోసారి చేయించాల్సింది ఏడాదిన్నరకి జరుగుతుంది. ఇలాంటి ఇంటికి చేతిలో పట్టే పరికరం అంటే గ్యాడ్జెట్ కాదు.

ఇదే మాట ఇంకో రోగం గురించి కూడా చెప్పాలి. టీబీ సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1882లో కనిపెట్టాడు. ఆ తర్వాత వందేళ్ళు దాటినా చాలా చోట్ల పరీక్ష అంటే కళ్ళెని గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడటమే. ఒక మిల్లీలీటరులో వేల కొద్దీ క్రిములు ఉంటేనే అందులో కనిపిస్తాయి. పీసీఆర్ అలా కాదు. క్రిమి డీఎన్‌ఏ ముక్కని ప్రతి విడతలో రెట్టింపు చేస్తూ పోతుంది. ముప్ఫై విడతలకి ఒకటి వంద కోట్లు దాటుతుంది, కావాలంటే క్యాలిక్యులేటర్ తీసి చూసుకోండి. కానీ పీసీఆర్‌కి ఏసీ గది, ఖరీదైన యంత్రం, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కావాలి. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్, గోవా మోల్‌బయో వాళ్ళు ట్రూనాట్ అని బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం తెచ్చారు. చిప్పు మీదే పీసీఆర్ జరుగుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని టీబీ నిర్ధారణకి సిఫారసు చేసింది. ఆ ఏడాదే అదే యంత్రాన్ని కరోనా పరీక్షలకి కూడా వాడారు. వేడి చెయ్యడం, చల్లబరచడం, ఉష్ణోగ్రతని ఒక డిగ్రీ అటూ ఇటూ కాకుండా పట్టి ఉంచడం, మెరుపుని కొలవడం: ఇవన్నీ మన కంట్రోల్ సిస్టమ్స్, మన ఎంబెడెడ్, మన సిగ్నల్ ప్రాసెసింగ్.

హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళ కథ ఇంకా ముచ్చటైనది. కరోనా సమయంలో వాళ్ళు యంత్రం ఏమీ కనిపెట్టలేదు. ముక్కులోంచి తీసిన స్వాబ్‌ని ద్రవంలో ముంచకుండా పొడిగానే పంపించి, ఆర్‌ఎన్‌ఏని విడదీసే మెట్టు తీసేసి, పరీక్ష చెయ్యొచ్చని చూపించారు. 2020 చివర్లో ఐసీఎంఆర్ ఒప్పుకుంది. ఖర్చు తగ్గింది, సమయం తగ్గింది. ప్రాజెక్టు అంటే ఇంకో బ్లాకు, ఇంకో సెన్సర్, ఇంకో యాప్ తగిలించడమే అనుకునే మనకి ఇది పెద్ద పాఠం. ఉన్నదాంట్లో ఒకటి తీసెయ్యడం కూడా పరిశోధనే. కాకపోతే తీసేసినా ఫలితం మారలేదని వందల నమూనాలతో చూపించాలి. మళ్ళీ అదే పట్టిక.

పట్టిక లేకుండా పరిగెత్తితే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్న ఎలిజబెత్ హోమ్స్ పంతొమ్మిదేళ్ళకి థెరానోస్ కంపెనీ పెట్టింది. వేలి నుంచి కొన్ని చుక్కల రక్తంతో బోలెడన్ని పరీక్షలు చేస్తామంది. ఆమెకి చదువు చెప్పిన ఇంజనీరింగ్ ప్రొఫెసరే నమ్మి అండగా నిలిచాడు. కంపెనీ విలువ ఒక దశలో 900 కోట్ల డాలర్లు అన్నారు. 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్ అసలు సంగతి బయటపెట్టింది. 2022లో కోర్టు ఆమెని మోసం కేసులో దోషిగా తేల్చి పదకొండేళ్ళు పైన శిక్ష వేసింది. ఆ కథ చదువుతుంటే మొదట నాకు నవ్వొచ్చింది, తర్వాత మా చివరి స్లైడ్ గుర్తొచ్చింది. ఆమెకీ మాకూ తేడా డబ్బులో ఉంది, కోర్టులో ఉంది. "98" అని టైపు చేసే వేలిలో లేదు.

ఇక్కడ మీరు అడగబోయే మాటలు నాకు తెలుసు. ఇవే మాటలు మా హాస్టల్ రూములో ఎన్నోసార్లు విన్నాను.

"వాళ్ళది ఐఐఎస్సీ, మనది ఒక మామూలు కాలేజీ. మనకి ల్యాబ్ ఎక్కడిది?" నిజమే. కానీ 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు చీప్‌స్టాట్ అని ఒక పొటెన్షియోస్టాట్ డిజైన్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. విడిభాగాల ఖర్చు 80 డాలర్ల లోపే. గ్లూకోమీటర్ లోపల ఉండేది కూడా అలాంటి సర్క్యూటే: ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచి, పారే చిన్న కరెంటుని కొలవడం. మన ఆప్‌ఆంప్ ల్యాబ్‌లో ఉన్న వస్తువులతో దాని తమ్ముడిని చెయ్యొచ్చు.

"ప్లేస్‌మెంట్స్ వదులుకుని ఈ గొడవ ఎందుకు?" వదులుకోమని ఎవరన్నారు? మనం ఎలాగూ ఒక ప్రాజెక్టు చేస్తాం. రిపోర్టు ఎలాగూ బైండింగ్ చేయిస్తాం. అందులో అబద్ధం ఉండాలా నిజం ఉండాలా అన్నదే ప్రశ్న. ఇంటర్వ్యూలో "మా సెన్సర్ ఇక్కడ ఫెయిలయ్యింది, కారణం ఇది" అని చెప్పగలిగినవాడు, "98 శాతం" అని చెప్పి రెండో ప్రశ్నకి తల దించుకునేవాడి కంటే నయం.

"ఫెయిలైన ప్రాజెక్టుకి మార్కులు ఎవరు వేస్తారు?" ఇది మాత్రం గట్టి ప్రశ్న. దీనికి జవాబు విద్యార్థుల చేతిలో లేదు. పని చెయ్యకపోతే మార్కులు పోతాయని తెలిసినప్పుడు అందరూ పని చేసినట్టే చూపిస్తారు. మేం అదే చేశాం. కాబట్టి మా సార్లకీ మేడమ్‌లకీ నా విన్నపం, మూడే మూడు.

ఒకటి, ఆరోగ్యానికి సంబంధించిన ఏ ప్రాజెక్టుకైనా పోలిక పట్టిక తప్పనిసరి చెయ్యండి. గ్లూకోమీటర్లకి ఐఎస్‌ఓ 15197 అనే ప్రమాణం ఉంది. షుగర్ వంద కంటే తక్కువున్నప్పుడు 15 మిల్లీగ్రాముల లోపు, వంద నుంచి పైన 15 శాతం లోపు తేడా, అదీ నూటికి 95 రీడింగుల్లో ఉండాలంటుంది. మనం దాన్ని అందుకోనక్కర్లేదు. ఎంత దూరంలో ఉన్నామో రాస్తే చాలు. తేడాని నిజాయితీగా రాసి, కారణం వెతికిన వాళ్ళకి పని చేసిన వాళ్ళతో సమానంగా మార్కులు వెయ్యండి.

రెండు, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనుషుల వేళ్ళ మీద, రక్తం మీద ఎవరినీ ప్రయోగాలు చెయ్యనివ్వకండి. స్నేహితుడిదైనా సరే, అమ్మమ్మదైనా సరే. ముందు నీళ్ళలో చెయ్యనివ్వండి.

మూడు, బయోసెన్సర్స్ అనే ఎలెక్టివ్ మన సిలబస్ పుస్తకంలో ఉంది. ఎవరూ తీసుకోరని ఏటా ఎత్తేస్తున్నారు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌ని కూడా కలుపుకుని ఒక్కసారి నడిపించి చూడండి. నా పేరు ముందే రాసుకోండి.

ఇంత మాట్లాడినదాన్ని నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి కదా. ఈ ఏడాది మెయిన్ ప్రాజెక్టుకి మేం నలుగురం గ్లూకోజ్ నీళ్ళలో గ్లూకోజ్ ఎంతుందో కొలుస్తున్నాం. అంతే. విన్నవాళ్ళు నవ్వుతున్నారు. మొదటి రోజు మెస్ నుంచి పంచదార తెచ్చి కలిపాం, సెన్సర్ కిక్కురుమనలేదు. రెండు రోజులు సర్క్యూట్ విప్పి బిగించాక తెలిసింది, పంచదార అంటే సుక్రోజ్, మా ఎంజైమ్‌కి అదెవరో తెలియదు. తర్వాత మెడికల్ షాపులో గ్లూకోజ్ పొడి తెచ్చాం. ఈసారి కరెంటు వచ్చింది, కానీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. డబ్బా వెనక చదివితే విటమిన్ సి కలిపారని ఉంది. అదీ ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. చివరికి కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ గారిని బతిమాలి అసలైన గ్లూకోజ్ తెచ్చుకున్నాం. కలిపిన వెంటనే కొలిస్తే ఒకటి, మర్నాడు కొలిస్తే ఇంకొకటి వస్తోంది. కెమిస్ట్రీ మేడమ్‌ని అడిగితే నవ్వి, గ్లూకోజ్ నీళ్ళలో రెండు రూపాల మధ్య సర్దుకోవడానికి టైము పడుతుందనీ, ఎంజైమ్ అందులో ఒక రూపాన్నే పట్టుకుంటుందనీ, రాత్రంతా నానబెట్టి పొద్దున కొలవండనీ చెప్పారు. గుర్తుపట్టడం అంటే ఏమిటో నాకు ఆ వారంలో అర్థమైనంతగా మూడేళ్ళలో అర్థం కాలేదు.

ఇప్పటికి మా గ్రాఫ్‌లో కింద గీత బాగానే ఉంది, 200 దాటాక వంగిపోతోంది. అంటే అమ్మమ్మకి పనికొచ్చే చోటే తప్పు చెబుతోంది. పట్టికలో అలాగే రాశాం.

మొన్న ఫోన్లో అమ్మమ్మ అడిగింది, "ఈసారి పండక్కి ఏం తెస్తున్నావే?"

"షుగర్ మిషనే అమ్మమ్మా. కానీ నీళ్ళలో చెబుతుంది. అదీ ఇంకా సరిగ్గా చెప్పట్లేదు."

"అయితే ఈసారి నా వేలు నీకు ఇవ్వను" అంది. ఆ వెంటనే, "మావయ్యని స్ట్రిప్పులు తెచ్చిపెట్టమని చెప్పు, అయిపోయాయి" అంది.

చెప్పాను.